బాపు బొమ్మను చదవడం



సత్తిరాజు లక్ష్మీనారాయణ అంటే ఎవరని అడిగేవారు ఈ సభలో కూడా ఉండవచ్చు. బాపు అంటే ఎవరని అడిగేవారు తెలుగునేల మీదే అరుదు. ఆయన 1933 డిసెంబరు 15న పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో పుట్టారు. మద్రాసులో పెరిగారు. 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారు. నల్లకోటు పక్కనబెట్టి నల్లసిరా చేతబట్టారు. 2013లో పద్మశ్రీ వచ్చింది. 2014 ఆగస్టు 31న చెన్నైలో కన్నుమూశారు. ఆయన స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసానికి విషయం వెతుక్కోవలసిన పనిలేదు. ఆయన గీతే విషయం.

'బాపు బొమ్మ' అన్నది తెలుగులో జాతీయంగా స్థిరపడిపోయింది. పెళ్లిచూపులకు వెళ్లొచ్చినవాళ్లు పిల్ల బాపు బొమ్మలా ఉందంటే ఇక మరో వర్ణన అక్కర్లేదు. బతికుండగానే పేరు నుడికారంలో కలిసిపోయిన చిత్రకారుడు తెలుగులో మరొకరు లేరు. అయితే ఆ మెప్పులో చిన్న అన్యాయం ఉంది. అది ఆయన్ను అందాల చిత్రకారుడిగా చూసి అక్కడితో ఆగిపోతుంది. ఆయన బొమ్మల్లో బామ్మలున్నారు, పక్కింటి పిన్నిగార్లున్నారు, అప్పులవాళ్లున్నారు, రాముడూ రావణుడూ ఉన్నారు. వీళ్లందరినీ కలిపేది అందం కాదు, కథనం. బాపు బొమ్మను వాక్యంలా చదువుకోవాలి. ఆయన గీతతో రాసిన రచయిత. ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే.

1. గీత

ముందు అచ్చు సంగతి చూడాలి. 1950లలో తెలుగు వారపత్రికలు సీసపు అక్షరాలతో కంపోజు అయ్యేవి, పలచని న్యూస్‌ప్రింటు మీద అచ్చయ్యేవి. బొమ్మను అచ్చుకెక్కించాలంటే జింకు రేకు మీద బ్లాకు చేయించాలి. ఫోటో అయినా, వెలుగునీడలున్న రంగుల చిత్రమైనా, దాన్ని జల్లెడలాంటి సన్నటి గళ్ల తెర గుండా చుక్కలుగా విడగొట్టి హాఫ్‌టోన్ బ్లాకు చేసేవారు. ఒట్టి నలుపు తెలుపుల గీతబొమ్మకైతే లైన్ బ్లాకు చాలు. హాఫ్‌టోన్‌కు నునుపైన కాగితం కావాలి. న్యూస్‌ప్రింటు మీద వేస్తే సిరా పీల్చుకుని చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ముఖం మసి పూసినట్టు వస్తుంది. లైన్ బ్లాకుకు ఆ బాధ లేదు, ఖర్చూ తక్కువే. పాత వారపత్రికల కట్టలు దాచుకున్న వారెవరైనా ఈ సభలో ఉంటే ఈ తేడా ఇంటికెళ్లి చూసుకోవచ్చు. ఫోటోలు ఎప్పుడో మాసిపోయి ఉంటాయి. గీతబొమ్మలు మాత్రం నిన్న అచ్చయినట్టు ఉంటాయి.

అంటే ఆ రోజుల్లో పత్రికలో పనిచేసే చిత్రకారుడు వెలుగు, నీడ, రంగు, ఒంటి గుండ్రదనం అన్నీ ఒక్క నల్లగీతతోనే సాధించుకోవాలి. తలిసెట్టి రామారావు 1930లలో 'భారతి'లో కార్టూన్లు వేసి తెలుగు కార్టూనుకు ఆద్యుడనిపించుకున్నారు. ఆ తర్వాత వచ్చినవారిలో చాలామంది నీడ కావలసిన చోట అడ్డగీతలు అల్లి నింపేవారు. బాపు ఆ అల్లికను చాలా మటుకు వదిలేశారు. గీతకే ఒత్తు నేర్పారు.

చీరకొంగు ఒక్కటి దగ్గర పెట్టుకుని చూస్తే చాలు. భుజం మీద గీత వెంట్రుకవాసి సన్నంతో మొదలవుతుంది. వీపు మీదుగా దిగుతూ బరువెక్కుతుంది, నడుము ఒంపు దగ్గర బాగా ఒత్తుకుంటుంది, అక్కడి నుంచి తేలికపడి చివర గాలిలోకి విసిరినట్టు ఆగిపోతుంది. ఆ ఒక్క గీతలో బట్ట ఎంత మెత్తనిదో తెలుస్తుంది, కట్టుకున్న మనిషి ఎటు తిరిగిందో తెలుస్తుంది, ఇప్పుడే తిరిగిందన్న సంగతి కూడా తెలుస్తుంది. వేగంగా తిరిగిందా, బద్ధకంగా తిరిగిందా అన్నది కొంగు చివరను బట్టి చెప్పవచ్చు. మాటల్లో రాస్తే మూడు వాక్యాలు పట్టే సంగతి ఇది. ముక్కు కూడా అంతే. చాలా బొమ్మల్లో అది ఒక్క విరుపు. ఆ విరుపు కాస్త పైకి లేస్తే పొగరు, కిందికి వాలితే సిగ్గు.

ఈ పొదుపు రెండు చోట్ల రాటుదేలింది. తమిళ వారపత్రిక 'ఆనంద వికటన్'లో బొమ్మలు వేసిన గోపులును బాపు గురువుగా తలచుకునేవారు. మధ్యతరగతి ఇల్లు, వాకిలి, పడక్కుర్చీ, కూజా, తిరగలి కూడా కథలో పాత్రలేనన్న దృష్టి గోపులు బొమ్మల్లో నిండుగా ఉంటుంది. రెండోది ప్రకటనల రంగం. బాపు కొంతకాలం జె.వాల్టర్ థాంప్సన్ సంస్థలో పనిచేశారు. పేజీ తిప్పేస్తున్న పాఠకుడి కన్ను ప్రకటన మీద నిలిచేది రెప్పపాటే. ఆ రెప్పపాటులో చెప్పదలచింది చెప్పెయ్యాలి. అక్కడ మిగులు గీతకు చోటుండదు.

2. ఖాళీ

గీత ఆగిన చోట కాగితం మొదలవుతుంది. బాపు బొమ్మల్లో నేపథ్యం తరచూ ఉండీ లేనట్టుంటుంది. ఒక గుమ్మం మూల, గోడ పెచ్చు ఊడిన చోట నాలుగు ఇటుకలు, ఒక కొబ్బరి మట్ట, అంతే. తక్కిన ఇంటిని చూసేవాడే కట్టుకుంటాడు. వేలమంది పాఠకులు వేల ఇళ్లు కట్టుకున్నారు. అందుకే ఆ ఇల్లు ప్రతి ఒక్కరికీ అమ్మమ్మగారి ఇల్లులా తోస్తుంది.

వీపు తిప్పి నిలబడ్డ మనిషి కూడా ఈ ఖాళీలో భాగమే. అలిగిన మనిషి ముఖాన్ని వెయ్యకుండా జడనూ, మెడ ఒంపునూ మాత్రమే వేస్తే అలక ఎంత గట్టిదో చూసేవారి మనసే లెక్క కడుతుంది.

3. అక్షరం

బాపును రచయిత అనడానికి అన్నిటికంటే గట్టి ఆధారం ఆయన చేతిరాత.

తెలుగు లిపి గుండ్రని లిపి. తాటాకు మీద గంటంతో రాసే రోజుల నుంచి చేతి మణికట్టు తిరిగినట్టు తిరిగిన లిపి. సీసపు అచ్చుకు వచ్చేసరికి ఆ తిరుగుడు బిగుసుకుపోయింది. ప్రతి అక్షరం ఒక దిమ్మ. ఒత్తుకు మరో దిమ్మ. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం కూర్చడానికి కంపోజిటరు ఎన్ని గళ్లలో చెయ్యి పెట్టాలో ప్రెస్సులో పనిచేసిన పెద్దలకు తెలుసు. అలా పేర్చిన వరుసలో అక్షరాలు సైనికుల్లా ఒకే ఎత్తున, ఒకే లావున నిలబడతాయి. చదువుకోవడానికి అది మంచిదే. కథకు శీర్షికగా పెట్టాలంటే మాత్రం ప్రేమకథకూ చావుకథకూ ఒకే ముఖం అవుతుంది.

శీర్షికను చేత్తో రాసి బ్లాకు చేయించడం బాపుకు ముందూ ఉంది. ఆ రాతలో ఆయన తెచ్చిన మార్పు బొమ్మలో తెచ్చిన మార్పు వంటిదే. అక్షరం పొడుగునా ఒకే లావు ఉండదు. కొమ్ము లావుగా దిగి సన్నగా తేలుతుంది. తలకట్టు పిట్ట రెక్క విదిల్చినట్టు ఒక్క విసురులో పడుతుంది. దీర్ఘం పక్క అక్షరం మీదికి వంగి దానితో మాట్లాడుతున్నట్టుంటుంది. కింది ఒత్తు పై అక్షరాన్ని మోస్తున్నట్టు కాసేపు, దాని కాళ్లకు చుట్టుకున్నట్టు కాసేపు కనిపిస్తుంది. అక్షరాలు గీటు గీసి నిలబెట్టినట్టు ఉండవు, ఊరేగింపులో నడుస్తున్నట్టు ఉంటాయి. చీరకొంగు గీసిన కుంచే ఈ దీర్ఘాన్నీ తీసిందని చూడగానే తెలుస్తుంది. ఆ చేతికి బొమ్మ వేరు, రాత వేరు కాలేదు.

సభలో ఉన్నవారిలో ఎంతమంది శుభలేఖలు ఆ అక్షరాల్లో అచ్చయ్యాయో లెక్క తీస్తే మంచి పొద్దుపోతుంది. పుస్తకాల అట్టలు, శుభలేఖలు, ఆహ్వానపత్రాలు, సినిమా పేర్లు అన్నిటికీ ఆ రాత పాకింది. తర్వాత దాన్ని కంప్యూటర్ ఫాంటుగానూ మలిచారు. ఫాంటు వల్ల ఆ రాత ఇంటింటికీ చేరిన మాట నిజం. అయినా ఒక లోటు మిగిలింది. ఫాంటులో ప్రతి 'క' ఒకే 'క'. బాపు చేతిలో ఒకే మాటలో రెండు 'క'లుంటే రెండూ వేరువేరు. పక్కన ఏ అక్షరం వచ్చిందో, కథలో ఏం జరుగుతోందో దాన్ని బట్టి అది ఒదిగేది. ఫాంటులో దిగిన బాపు రాతనూ, ఆయన స్వయంగా రాసిన పాత అట్టనూ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిది ఫోటో, రెండోది మనిషి అనిపిస్తుంది.

4. బుడుగు

ముళ్ళపూడి వెంకటరమణ ప్రస్తావన ఇంతవరకు రాకపోవడం సభకు వింతగా ఉండి ఉంటుంది. బాపు పేరు పక్కన రమణ పేరు లేకుండా తెలుగువారికి నోరు తిరగదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల 'బాల' పత్రికలో రమణ తొలి కథ 1945లో అచ్చయింది. బాపు చిన్ననాటి బొమ్మలకూ ఆ పత్రికే చోటిచ్చింది. అక్కడి నుంచి 2011లో రమణ కన్నుమూసేదాకా ఆ జంట విడిపోలేదు.

1956–57లలో వారపత్రికలో వచ్చిన 'బుడుగు' ఆ జంట పనికి గొప్ప ఉదాహరణ. రమణ పెద్దలు రాసే భాషను వదిలేసి పసివాడి నోటి మాటతో పుస్తకమంతా నడిపారు. ఆ నోట్లో 'శ్రీ జ్ఞాన ప్రసూనాంబ' అన్న నిండైన పేరు 'సీగానపెసూనాంబ'గా నలిగిపోతుంది. తల్లిదండ్రులు అమ్మా నాన్నా కాకుండా రాధా గోపాళం అవుతారు. పక్కింటావిడ లావుపాటి పిన్నిగారు అవుతుంది. సీత ఒట్టి సీత కాదు, రెండుజెళ్ళ సీత. పిల్లవాడు పెట్టిన పేర్లలో మర్యాద ఉండదు, గురి ఉంటుంది. మనిషిలో మొదట కంటికి తగిలినదాన్ని పట్టుకుని దాన్నే పేరు చేసేస్తాడు.

ఇలాంటి రచనకు బొమ్మ వెయ్యడం సులువు కాదు. పెద్దవాడి కంటితో పద్ధతిగా వేస్తే రమణ వాక్యం చచ్చిపోతుంది. పిల్లవాడే గీసినట్టు వంకరగా వేస్తే నాలుగు పేజీల్లో మొహం మొత్తుతుంది. బాపు ఈ రెండిటి మధ్య దారి పట్టుకున్నారు. గీత పండితుడిది, చూపు పసివాడిది. రమణ పేరును నలిపినట్టే బాపు ఆకారాన్ని నలిపారు. పిన్నిగారి లావు బుడుగు చెప్పినంత లావు. సీతలో ముందు కనిపించేవి జెళ్లు, తర్వాతే సీత. బుడుగు తన ఒంటికి మించిన ధీమాతో నిలబడతాడు. ఆ నిలబడే తీరులోనే తనకు ప్రైవేటు చెప్పడం ఎవరి తరమూ కాదన్న ధైర్యం ఉంటుంది.

ఇక్కడ బొమ్మ కథకు అలంకారంగా రాలేదు. కథలో ఒక పాలు తాను మోసింది. బుడుగు తన గురించి చెప్పుకునే గొప్పలు మాటల్లో ఉంటాయి. అసలు బుడుగు ఎంతవాడో బొమ్మలో ఉంటుంది. రెండూ కలిపి చదివినప్పుడే నవ్వు పుడుతుంది. పుస్తకం చదవని పిల్లలు కూడా ఆ బొమ్మ చూసి బుడుగని పేరుపెట్టి పిలవగలగడానికి కారణం ఇదే.

దీనికి పూర్తిగా ఎదురు చివర 'అమరావతి కథలు' ఉన్నాయి. సత్యం శంకరమంచి రాసిన ఈ 100 కథలు 'ఆంధ్రజ్యోతి' వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చాయి. కథలు చిన్నవి. కృష్ణ ఒడ్డు, గుడి, మెట్లు, పడవ, ఊళ్లో మనుషులు. బుడుగు దగ్గర గంతులేసిన గీత ఇక్కడ గొంతు తగ్గించుకుంటుంది. రచయిత స్వరాన్ని బట్టి స్వరం మార్చుకోవడం అనువాదకులు చేసే పని. బాపు దాన్ని కుంచెతో చేశారు.

5. వరుస

ఒక్క గడిలో వేసే కార్టూనులో కూడా కాలం ఉంటుంది. భర్త చేతిలో ఖాళీ సంచి, నేల మీద దొర్లుతున్న టమాటాలు, వంటింటి గుమ్మంలో నడుము మీద చెయ్యి. జరిగిపోయింది ఒకటి, జరుగుతున్నది ఒకటి, జరగబోయేది మరొకటి. మూడూ ఒకే గడిలో ఉంటాయి. గడులు పెరిగితే అది బొమ్మల కథ. గడులు కదిలితే అది సినిమా.

బాపు సినిమాకు వచ్చింది ఈ దారినే. 1967లో వచ్చిన 'సాక్షి' ఆయన తొలి చిత్రం. కథ, మాటలు రమణవి. కృష్ణ, విజయనిర్మల నటించారు. హత్యను కళ్లారా చూసి కోర్టులో నిజం చెప్పిన అమాయకుడి మీదికి హంతకుడు పగబట్టి వస్తుంటే ఊరు ఊరంతా తలుపులు వేసుకుంటుంది. గోదావరి సీమలో పులిదిండి అనే పల్లెలో తీశారు. ఆ తీత వెనక బొమ్మలున్నాయి. సినిమాలో ప్రతి షాటునూ ముందే కాగితం మీద గడి కట్టి వేసుకోవడం బాపు పద్ధతి. కెమెరా ఎక్కడుండాలి, మనిషి ఎటు నడవాలి, తలుపు ఎంత తెరిచి ఉండాలి అన్నది ఆ గడిలోనే తేలిపోయేది. డబ్బు తక్కువగా, ఫిల్ము పొదుపుగా వాడుకోవలసిన తొలిచిత్రానికి అది కళే కాదు, కాపుదల కూడా.

1975లో 'ముత్యాల ముగ్గు' వచ్చేసరికి ఆ గడికి రంగు తోడయింది. ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్య. అంతకు ముందు 'గరమ్ హవా'కు పనిచేసినవారు. 'ముత్యాల ముగ్గు'కు ఆయనకు ఉత్తమ ఛాయాగ్రహణానికి జాతీయ పురస్కారం వచ్చింది. ఎండను ఎండలాగే, చెట్టునీడను చెట్టునీడలాగే చూపించిన ఆ చిత్రంలో మనుషులు తెర మధ్యలో నిలబడి మాట్లాడటం తక్కువ. ఒక పక్కకు ఒదిగి ఉంటారు, మిగతా తెర ఖాళీ. రెండో భాగంలో చెప్పిన ఖాళీ ఇదే. నిజం చెప్పాలంటే ఈ గుణమే కొన్ని చిత్రాల్లో భారమైంది కూడా. ప్రతి ఫ్రేమూ ఫ్రేము కట్టించుకునేంత అందంగా ఉన్నప్పుడు కథ అక్కడక్కడ నిలబడిపోతుంది. బాపును ప్రేమించేవారు ఈ మాట ఒప్పుకుంటే ప్రేమకు తరుగు లేదు.

6. బాపు బొమ్మ

ఇప్పుడు ఆ జాతీయం దగ్గరికి రావచ్చు. పెద్ద కళ్లు, వాలుజడ, సన్నని నడుము, చేతినిండా గాజులు. ఈ పిల్ల ఎక్కడి నుంచి వచ్చింది? లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దపు విజయనగర చిత్రాలున్నాయి. అక్కడి స్త్రీల పక్కవాటు ముఖాల్లో కన్ను ముఖాన్ని ఏలుతుంది. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం వెలిగించినప్పుడు కనిపించే సీతకూ అంతే. దూరాన కూర్చున్నవాడికి కూడా చూపు ఎటుందో తెలియాలి, కాబట్టి కన్ను పెద్దది కావాలి. న్యూస్‌ప్రింటు మీద రెండంగుళాల బొమ్మకూ అదే అవసరం. బాపు పిల్ల కన్ను ఈ ఇంటి పోలికే. అందానికి ముందు ఆ కన్ను చదవడానికి పనికొచ్చింది.

ఆమె మీద రెండు ఫిర్యాదులున్నాయి. రెండూ వినదగ్గవే. ఆడపిల్లలందరూ ఒకే అచ్చు అన్నది మొదటిది. ముఖాల వరకు అది నిజం. ఒంటి తీరులో నిజం కాదు. బిందె మోసే పిల్ల, పుస్తకం చదివే పిల్ల, ఎదురుచూసే పిల్ల, ముఖం మూసేసి చూసినా వేరువేరుగా తెలుస్తారు. మొగుడూ పెళ్లాల కార్టూన్లలో భార్యను గయ్యాళిగా, నగలపిచ్చిదానిగా చూపించడం ఎక్కువన్నది రెండోది. దీనికి సమాధానం లేదు. ఆనాటి పత్రికల హాస్యమంతా ఆ బాటలోనే నడిచింది, బాపు కూడా నడిచారు. వాటిలో చాలా నవ్వులు ఇప్పటి పాఠకురాలికి నవ్వు తెప్పించవు. అయినా రాధను గీసిన చెయ్యీ అదే. గోపాళాన్ని ఓరకంట చూసి పెదవి బిగించే రాధకు ఆ ఇంట్లో చివరి మాట తనదేనని తెలుసు. ఆ సంగతి గీతలో ఉంది.

7. ఒకే కథ, రెండు గీతలు

బాపు జీవితమంతా గీసిన కథ ఒకటుంది, రామాయణం. బొమ్మలుగా ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. తెరమీద 'సంపూర్ణ రామాయణం', ఆ తర్వాత 1976లో 'సీతాకళ్యాణం' వచ్చాయి. అయితే ఈ ఉపన్యాసానికి పనికొచ్చే జంట వేరే ఉంది.

'ముత్యాల ముగ్గు' పైకి సాంఘికం. లోపల ఉత్తరరామాయణం. నిందపడిన ఇల్లాలు గర్భవతిగా ఇల్లు విడుస్తుంది, కవల పిల్లలు పుడతారు, ఆ పిల్లలే తల్లిదండ్రులను కలుపుతారు. అంతఃపురం బదులు పల్లెలో పెద్ద ఇల్లు, వాల్మీకి ఆశ్రమం బదులు చెట్లనీడ, ఆంజనేయుడు మాత్రం ఆంజనేయుడే. కథ పేరు చెప్పకుండానే ప్రేక్షకుడు దాన్ని చదువుకున్నాడు. సీత అని ఎక్కడా రాయలేదు, అయినా సీతేనని అందరికీ తెలిసింది. ఇటుకలు నాలుగే వేసి ఇల్లంతా చూపించిన చెయ్యి చేసిన పని అది.

36 ఏళ్ల తర్వాత బాపు, రమణ అదే కథను నేరుగా చెప్పారు. 'శ్రీరామరాజ్యం'లో రాముడు రాముడే, సీత సీతే. బాలకృష్ణ, నయనతార నటించారు. ఈసారి దాచవలసింది లేదు, సూచించవలసింది లేదు. కిరీటాలు, సింహాసనాలు, రథాలు అన్నీ నిండుగా ఉన్నాయి. తెర నిండిపోయిన ఆ చిత్రంలో కూడా బాపు చెయ్యి గుర్తుపట్టాలంటే సీత అడవిలో ఒంటరిగా మిగిలిన ఘట్టం చూడాలి. చుట్టూ ఉన్న సంభారమంతా పోయి ఒక మనిషి, కొంత ఖాళీ మిగులుతాయి.

మాటలు రాసిన రమణ 2011 ఫిబ్రవరి 24న వెళ్లిపోయారు. చిత్రం అదే ఏడాది నవంబరులో విడుదలైంది. బాపు తీసిన ఆఖరి సినిమా అదే.